మా ఆవిడ ఒపీనియన్

ఆ ఏడు వానలు వారం ముందే పట్టుకున్నాయి. గొడుగులు బాగుచేసేవాడికి అంతకన్నా ఏం కావాలి? కానీ నాకు మాత్రం ఆ వానాకాలమంతా ఒళ్ళో నిప్పులు పోసుకుని కూర్చున్నట్టే గడిచింది. దానికి కారణం మా మేడమీద గదిలో అద్దెకు దిగిన నర్సమ్మ.

ఆవిడ పెద్దాసుపత్రిలో ముప్పై ఏళ్ళు పనిచేసి ఆ మధ్యే మానేసింది. మనిషి పొడుగు, గొంతు ఇంకా పొడుగు. వార్డు ఈ చివర నిలబడి ఆ చివరి మంచం మీద రోగిని కేకలెయ్యడం అలవాటైన గొంతు. మేడమెట్ల మీంచి "ఏమండోయ్" అంటే వీధి చివర బట్టలు ఇస్త్రీ చేసే అతను తలెత్తి చూసేవాడు. దిగిన రోజునే నన్ను చూసి, "మీ ఆవిడ నాకు చెల్లెల్లాంటిది. అంటే మీరు నాకు మరిది. ఇంక నాతో పోట్లాడ్డానికి వీల్లేదు మరిదిగారూ," అంది. నేనేమీ అనలేదు. నేను ఎవరితోనూ ఏమీ అనను. వీధిలో నన్ను ఎదురుగా గొడుగాయన అంటారు, వెనకాల తెరుచుకోని గొడుగు అంటారు. రెండూ నిజమే.

ముందుగదే మా కొట్టు. కిటికీ దగ్గర బల్ల, బల్లకి ఇటు నేను, అటు మా ఆవిడ. ఊచలు, కీళ్ళు, కర్ర, స్ప్రింగు నా పని. బట్ట కత్తిరించి ఎనిమిది ముక్కలూ కలిపి కుట్టడం, ఒక్కో ఊచ చివరా టోపీ తొడిగి నాలుగు పోగుల దారంతో బిగించడం ఆవిడ పని. నలభై ఏళ్ళు అలాగే కూర్చున్నాం. దారం అయిపోయింది, బట్ట బిగువు చాల్లేదు, అన్నం చల్లారిపోతోంది. మా ఇద్దరి మధ్యా ఇంతకు మించి మాటలు అవసరం లేదనే అనుకునేవాణ్ణి. ఆవిడ ఏమనుకునేదో నేనెప్పుడూ ఆలోచించలేదు.

నర్సమ్మ వచ్చిన పదోరోజుకల్లా మా ఆవిడ మధ్యాహ్నం పని కాగానే మేడెక్కడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు నేర్చుకోవడానికట. అరవయ్యేళ్ళు వచ్చాక ఇంగ్లీషేమిటని అడుగుదామనుకుని ఊరుకున్నాను. ఒకరోజు ఒక్కణ్ణీ కూర్చుని ఊచ వంపు తీస్తుంటే పైనుంచి నవ్వు వినిపించింది. నర్సమ్మదేమో అనుకున్నాను. ఆవిడ నవ్వు అయితే గిన్నెలు దొర్లినట్టుంటుంది. ఇది సన్నగా మొదలై, ఆగి, ఇక ఆపుకోలేక మళ్ళీ లేచింది. మా ఆవిడ నవ్వు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ అలా నవ్వగా వినడం అదే మొదలు. అదీ మధ్యలో సిమెంటు కప్పు అడ్డం పెట్టుకుని. పట్టకారు జారి బొటనవేలి మీద పడింది.

నర్సమ్మ చదువు చెప్పే పద్ధతే వేరు. రోజుకి ఒక్క మాట. అర్థం చెప్పి, ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో చెప్పేది. దీపాలు పెట్టేలోపు ఆ మాటని ముగ్గురు మనుషులతో వాడి రావాలి. వాడకపోతే మర్నాడు కొత్త మాట లేదు. "మందు కొనుక్కొచ్చి గూట్లో పెడితే జ్వరం తగ్గుతుందా? మింగాలి," అనేదట.

ఒకరోజు 'కార్నర్' వచ్చింది. ఆ రోజు మా ఇంట్లో మూలలన్నీ కార్నర్లయిపోయాయి. చీపురు కార్నర్లో, బిందె కార్నర్లో, నేను కార్నర్లో. ఇంకోరోజు 'షాడో' వచ్చింది. ఇస్త్రీ అతనితో "మీ షాడో మా గుమ్మందాకా వచ్చిందండీ" అంటే పాపం అతను బెదిరి రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆ తరవాత ఒపీనియన్ వచ్చింది.

ఆ మధ్యాహ్నం మా ఆవిడ మేడ దిగి వచ్చాక వెనక వీధి పంతులమ్మ బట్ట చిరిగిన గొడుగు తెచ్చి, పూలపూల బట్ట వెయ్యమంది. నేను కొలత తీసుకుంటున్నాను. బల్ల అవతల్నుంచి మా ఆవిడ, "నా ఒపీనియన్ చెప్పమంటారా?" అంది.

పంతులమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "చెప్పండి."

"పూలబట్ట చూడ్డానికి ముచ్చటగానే ఉంటుందండీ. రెండు వానలకి రంగు దిగుతుంది. ఆ పూలన్నీ మీ తెల్లచీర మీదికొచ్చి కూర్చుంటాయి. నలుపు వేయించుకోండి."

పంతులమ్మ పగలబడి నవ్వి, "నలుపే వెయ్యండి," అంది. వెళుతూ వెళుతూ నావైపు తిరిగి, "మీ ఆవిడ ఒపీనియన్ గట్టిదేనండోయ్," అంది. నేను తెలిసినట్టు తలూపాను. నాకా మాట తెలియదు. నా కొట్టులో, నా బల్ల మీద నాకు తెలియని వస్తువు ఒకటి తిరుగుతోంది. గొడుగు పట్టుకొచ్చినావిడకి తెలుసు, మేడమీదావిడకి తెలుసు, నాకు తెలియదు. ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం దాకా ఓపిక పట్టి అడిగాను. "ఏవిటది? ఒపీనియనంటే?"

"అభిప్రాయం."

"ఆ ముక్కే అనొచ్చుగా."

"అనొచ్చు. మనింట్లో ఆ ముక్క ఎవరన్నా అనగా ఎప్పుడన్నా విన్నారా?" తలెత్తకుండానే అంది.

"ముగ్గురితోనూ వాడటం అయిందా?" అన్నాను.

"అయింది. పంతులమ్మగారు, పాలావిడ, ఇస్త్రీ అతను. మూడోది మీతో వాడదామనుకున్నాను. మేడ దిగినప్పట్నించీ చూశాను, సందు దొరకలేదు. పొద్దుపోతోందని అతనితో వాడేశాను."

ఇస్త్రీ అతనికి మా ఆవిడ ఒపీనియన్ అందింది. నాకు అందలేదు. అప్పటిదాకా మేడమీదికే పరిమితమైన నా కడుపుమంట ఆ సాయంత్రం వీధి చివరిదాకా పాకింది. అతనేం పాపం చేశాడు, చొక్కాలు మడత పెట్టుకుంటున్నాడు.

ముసురు నాలుగు రోజులు పట్టి వదలని వారంలో నర్సమ్మ తన గొడుగు తీసుకుని కిందికొచ్చింది. ఒక ఊచ కీలు దగ్గర ఊడి వేలాడుతోంది. బల్ల మీద పెట్టి, వెళ్ళకుండా నిలబడింది.

"మరిదిగారూ, గొడుగుతోపాటు ఇంకో సంగతి. బజారు వీధిలో ఒక గది తీసుకుంటున్నాను. కట్లు కట్టడం, సూదిమందు వెయ్యడం, ముసలాళ్ళకి బీపీ చూడటం. పొద్దుటిపూటే. పక్కన నాకో మనిషి కావాలి. చెయ్యి వణక్కూడదు, రక్తం చూస్తే కళ్ళు తిరక్కూడదు. మా చెల్లెల్ని పంపించండి."

మా ఆవిడ చేతిలో సూది ఆగింది.

నేను గొడుగు తెరిచాను, మూశాను. "కీలు పోయింది. రేపిస్తాను."

"కీలు సంగతి సరేనండీ..."

"రేపిస్తాను."

నర్సమ్మ నన్నొకసారి, మా ఆవిణ్ణొకసారి చూసి మెట్లెక్కి వెళ్ళిపోయింది. మా ఆవిడ మెల్లగా, "మీరేమంటారు?" అంది.

"ఆ కుట్టు వంకర పోతోంది, చూసుకో," అన్నాను.

కుట్టు వంకర పోలేదు. ఆవిడ కుట్టు ఎన్నడూ వంకర పోయినది కాదు. ఆవిడ దానివంక చూసింది, నా వంక చూసింది, మళ్ళీ కుట్టుకోవడం మొదలుపెట్టింది. మా ఇంట్లో వద్దు అని చెప్పే పద్ధతి అది. ఆవిడకి తెలుసు.

కీలు పోయిన ఊచకి ఉక్కు తీగ వెయ్యాలి. రెండు రంధ్రాల్లోంచీ దూర్చి, రెండు మెలికలు తిప్పి, కొన లోపలికి మడిచి నొక్కాలి. అది సరిగా పడితే గొడుగు బట్ట చిరిగినా ఆ కీలు కదలదు. ఆవిడ వంటగదిలో ఉండగా నేను రద్దు డబ్బాలో చెయ్యిపెట్టి, ఏదో పాత గొడుగులోంచి పీకేసిన తీగ వెతికి తీశాను. తుప్పు తిని గోటికి విరిగేలా ఉంది. దాన్ని నూనెగుడ్డతో తుడిచి, మెరుగు తెచ్చి, నర్సమ్మ గొడుగుకి వేశాను. పైకి కొత్తదానిలాగే ఉంది. గట్టిగాలి రెండుసార్లు కొడితే ఊచ విడిపోయి గొడుగు ఒక పక్కకి కూలబడుతుంది. నడిబజార్లో, అందరి ముందూ. తెలిసి తెలిసి నా చేత్తో చెడగొట్టిన పని జన్మలో అదొక్కటే. చేస్తున్నంతసేపూ చెయ్యి వణకలేదు. అదీ చెప్పాలి. పనయ్యాక ఊచకి బట్ట తగిలించి టోపీ కుట్టమని గొడుగుని ఆవిడ వైపు జరిపాను.

రెండు రోజుల తరవాత ఆకాశం కాటుక పూసినట్టయింది. నర్సమ్మ చంకలో గొడుగుతో దిగివచ్చి, "చెల్లాయ్, గది తాళాలిచ్చారు. ఊరికే చూసొద్దాం రా. చూస్తే అరిగిపోతుందా?" అంది. మా ఆవిడ నాకేసి చూడకుండానే, "గంటలో వచ్చేస్తానండీ," అని చెప్పులేసుకుంది.

గుమ్మం దిగుతూనే చినుకులు మొదలయ్యాయి. నర్సమ్మ గొడుగు తెరిచింది. మా ఆవిడ దాని కిందికి జరిగింది. మా గోడకి ఆ పూట వేలాడుతున్న గొడుగులు ఇరవై ఆరు. ఇరవై ఆరు గొడుగుల ఇంట్లోంచి నా పెళ్ళాం ఇంకొకరి గొడుగు కింద, భుజం భుజం రాసుకుంటూ వెళ్ళింది. ఒకటి అందుకుని "ఇది తీసుకెళ్ళు" అనడానికి నోరు తెరిచాను. ఎందుకని అడిగితే ఏం చెప్పను? తేలు కుట్టిన దొంగలా కిటికీ పట్టుకుని నిలబడిపోయాను.

గాలి లేచింది. ఎదురింటి రేకు ఎగిరి వీధిలో పడింది. ఆ గొడుగు కూలాలి అని ఒకసారి, ఇప్పుడే కూలకూడదు అని ఒకసారి అనుకున్నాను. మా ఆవిడకి తడిస్తే దగ్గు పడుతుంది. పడితే ఎవరు చూస్తారు? ఆ నర్సే చూస్తుంది. దాంతో మళ్ళీ మండింది. ఆ గంటలో నాకు ఒక్క ఊచ కూడా చేతికి లొంగలేదు.

ఇద్దరూ మోకాళ్ళదాకా తడిసి, నెత్తిమీద చుక్క పడకుండా నవ్వుకుంటూ వచ్చారు. నర్సమ్మ గుమ్మంలోంచే, "మరిదిగారూ! బజారు మలుపులో గాలికి మూడు గొడుగులు వెల్లకిలా పడ్డాయండీ. మీరు ముట్టుకున్నది మాత్రం రాయిలా నిలబడింది. అది చెయ్యా, బంగారమా?" అంది. మా ఆవిడ కాళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

గొడుగుని మెట్ల మలుపులో ఆరేశారు. ఎవరూ లేనప్పుడు వెళ్ళి చూశాను. కీలుకి కొత్త ఉక్కు తీగ ఉంది. నేను వేస్తే మెలిక కుడికి పడుతుంది. ఇది ఎడమకి పడింది. కొనని పట్టకారుతో నొక్కిన గుర్తు లేదు, లావు సూదితో లోపలికి నెట్టినట్టుంది. మా ఆవిడది ఎడంచేతి వాటం. టోపీ కుట్టేటప్పుడే చూసి ఉంటుంది. తుప్పు తీగ పీకేసి, మంచిది వేసి, బట్ట తగిలించి, ఏమీ ఎరగనట్టు గొడుగు పక్కన పెట్టింది. నాతో ఒక్కమాట అనలేదు.

ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాను. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

మర్నాడు బల్ల దగ్గర, "నర్సమ్మక్కకి రానని చెప్పేశాను," అంది.

"ఊఁ," అన్నాను.

నేను గెలిచాను. ఆవిడ మేడెక్కడం మానేసింది. పైనుంచి నవ్వు లేదు, కింద కొత్త మాట లేదు. పాలావిడ వచ్చి, "ఏమ్మా, ఇవాళ మాటేంటి?" అని ఎప్పట్లా అడిగితే, "మాటలు అయిపోయాయమ్మా," అని గిన్నె పట్టింది. నా బల్ల నాకు వచ్చింది, నా మనిషి నాకు వచ్చింది. మూడు రోజులు గడిచాక గాని అసలు సంగతి నా బుర్రకెక్కలేదు. ఇంతకు ముందు ఆవిడ మాట్లాడేది కాదు. ఇప్పుడు మాట్లాడకుండా ఉంటోంది. రెండింటికీ ఉన్న తేడా ఆ బల్లకి ఇవతల కూర్చున్నవాడికే తెలుస్తుంది.

నాలుగోరోజు ఆవిడ కూరలకి వెళ్ళినప్పుడు నేను మేడెక్కాను. నర్సమ్మ మంచం మీద కట్టుగుడ్డలు చుట్టలు చుట్టుకుంటోంది.

"అయ్యబాబోయ్, మరిదిగారే! దారి తప్పారా?"

నిలబడే అడిగాను. "ఆ మాట ఎలా వాడాలో చెప్పండి."

"ఏ మాట?"

"ఒపీనియన్."

గిన్నెలు దొర్లుతాయనుకుని కాచుకున్నాను. దొర్లలేదు. ఆవిడ చేతిలో చుట్ట పక్కన పెట్టింది.

"అర్థం తెలుసుగా. వాడకమే కష్టం. మా ఆసుపత్రిలో ఒక పెద్ద డాక్టరుండేవాడు. కత్తి పట్టుకునే ముందు పక్క డాక్టర్ని పిలిచి, నీ ఒపీనియన్ ఏమిటని అడిగేవాడు. ఒక్కోసారి ఆ కుర్రడాక్టరు కొయ్యక్కర్లేదనేవాడు. పెద్దాయన మొహం మాడిపోయేది. అయినా మళ్ళీ అడిగేవాడు. చెప్పడం ఎవడైనా చెప్తాడండీ, అడగడమే అసలు వాడకం. మీరనుకున్నదే అవతలివాళ్ళు అనాలని అడిగారనుకోండి, అది గోడకి బంతి కొట్టుకోవడం. విన్నాక మీ మొహం మాడిందనుకోండి, మాడనివ్వండి. అంతేగాని కుట్టు వంకర పోతోంది అనకూడదు."

నా చెవులు వేడెక్కాయి. "అయితే అన్నీ చెప్పుకుందన్నమాట మీతో."

"అన్నీ చెప్పింది."

"గొడుగు సంగతి కూడానా?"

"ఏ గొడుగు?" అంది నర్సమ్మ.

ఆవిడ ముఖంలోకి చూశాను. అబద్ధం దాచుకోగలిగిన ముఖం కాదది. "నా గొడుగా? దానికేమయింది? బ్రహ్మాండంగా ఉంది కదా?"

"ఏమీ కాలేదండీ," అని దిగివచ్చేశాను.

రోజూ గంటలు గంటలు కూర్చుని మాట్లాడుకున్న మనిషికి కూడా మా ఆవిడ చెప్పని సంగతి ఒకటుంది. అది నా సిగ్గు. దాన్ని తన దగ్గరే పెట్టుకుంది. మెట్లు దిగుతూ ఆ మాటని నోట్లోనే నాలుగైదుసార్లు అనుకుని చూశాను. పళ్ళ సెట్టు మార్చినట్టు ఎబ్బెట్టుగా ఉంది.

ఆవిడ వచ్చి, కూరలు లోపల పెట్టి, బల్ల దగ్గర కూర్చుని టోపీ కుట్టడం మొదలుపెట్టింది. నేను పట్టకారు కింద పెట్టాను.

"ఇదుగో. నీ ఒపీనియన్ ఏవిటి?"

సూది ఆగలేదు. "దేనికి?"

"బజారు గదికి."

నాలుగు పోగులూ బిగించింది. ముడి వేసింది. దారం కొరికింది. కుట్టు గురించి నేనేమన్నా అంటానేమోనని చూసింది. నేను వీధిలోకి చూస్తున్నాను. వద్దులెండి, ఇక్కడే ఉంటాను అంటుందని నా ఆశ. అదే గోడా, అదే బంతీ.

"నాకు వెళ్ళాలనుంది," అంది.

"ఊఁ."

"ఊఁ అంటే?"

"విన్నానని."

"వింటారా? అయితే ఇంకా ఉంది."

చాలా ఉంది. కిటికీ వెలుగు నా వైపు పెట్టుకుని ఇన్నేళ్ళూ ఆవిణ్ణి నా నీడలో కూర్చోబెట్టి కుట్టించానట. వాళ్ళ తమ్ముడింటికి వెళ్ళి ఆరేళ్ళయిందట. వండినది ఎలా ఉందో ఒక్కనాడు చెప్పిన పాపాన పోలేదట, ఖాళీ కంచం చూసి ఊహించుకోవడమేనట. పొయ్యి మీద ఎసరు మరిగి మరిగి ఇగిరిపోయినా ఆవిడ లేవలేదు, నేను లేపలేదు. చివరికి గొంతు తగ్గించి, "తుప్పు తీగ వెయ్యడం తప్పు," అంది.

"తప్పే."

"ఆ గొడుగు కింద నేనూ ఉన్నాను."

"నువ్వు వెళ్తావని తెలియదు."

"తెలిస్తే వెయ్యరా?"

"వెయ్యను."

"ఆవిడ ఒక్కత్తే వెళ్తుందంటే?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. "వేస్తాను," అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "పోనీలెండి. మీకూ ఒక ఒపీనియన్ ఉంది. మంచిది కాదు, కానీ ఉంది," అని వంటగదిలోకి వెళ్ళింది.

వానలు తెరిపిచ్చాక నర్సమ్మ గది తెరిచింది. అంతకు ముందురోజే మేమిద్దరం కలిసి బల్లని అడ్డంగా తిప్పాం, కిటికీ వెలుగు ఇద్దరికీ పడేట్టు. పొద్దున్నే మా ఆవిడ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, "వెళ్ళొస్తానండీ," అంది. ఇద్దరూ వీధిలో నడుస్తుంటే గుమ్మంలో నిలబడి చూశాను. నర్సమ్మ ఏదో అంటోంది. మా ఆవిడ చేతులు తిప్పుకుంటూ జవాబు చెబుతోంది. ఒళ్ళంతా చెవులు చేసుకున్నా నాకు ఒక్క ముక్క వినపడలేదు. మలుపు దగ్గర వెనక్కి తిరుగుతుందేమోనని చూశాను. తిరగలేదు. లోపల మంట ఎప్పట్లాగే ఉంది. పోయిందని చెప్పను.

మధ్యాహ్నానికి ఇవ్వాల్సిన గొడుగు ఒకటుంటే, ఆవిడ చోట కూర్చున్నాను. సూదిలోకి దారం పదకొండోసారికి ఎక్కింది. ఎనిమిది టోపీలూ కుట్టేసరికి వేళ్ళు జల్లెడయ్యాయి.

ఆవిడ వచ్చి, కాళ్ళు కడుక్కుని, గొడుగు తెరిచి ఒక్కో కుట్టూ వెలుగుకి పెట్టి చూసింది. నేనేమీ అడగలేదు.

"ఏడు విప్పాలి," అంది, కత్తెర అందుకుంటూ.